ఆఫీసు గుమ్మం ముందు చాప

లోగన్, బుధవారం

అమ్మా, నేనూ పాపా క్షేమం. మా ఆయన టవిటాని వదిలి వచ్చేశాం.

రెండేళ్లుగా "బాగున్నాం" అని నీకు రాసినవన్నీ అబద్ధాలు. కొడుతున్నాడని రాయడానికి సిగ్గేసింది. ఇంటి అద్దె కాగితం మీద నా సంతకం ఉంది, గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. మాట తప్పుతున్నానని, మన దీవిలో తప్పు చేసినవాళ్లు క్షమాపణ అడిగేటట్టే, నువ్విచ్చిన పెళ్లిచాప తలమీదుగా కప్పుకుని ఇల్లు అద్దెకిప్పించిన ఏజెంటు ఆఫీసు ముందు కూర్చున్నాను. దారిన పోయేవాళ్లంతా ఆగి చూశారు. ఏజెంటు బ్రాన్విన్ పరుగున వచ్చి చాప ఎత్తింది. అలా ఎత్తితే మన దగ్గర క్షమించేసినట్టేనని ఆమెకేం తెలుసు!

"అయ్యో, లేవండమ్మా! తప్పు మీదా? దెబ్బల సంగతి డాక్టరు చేత రాయించి తెండి, వారం నోటీసిచ్చి వెళ్లిపోండి. మిగతా నెలల గురించి మిమ్మల్నెవరూ అడగరు" అంది.

అప్పుడు ఇంకా సిగ్గేసింది. వారంలో తేలేదానికి రెండేళ్లు పడ్డాను.

పాప తలకి కొబ్బరినూనె పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? మనవాళ్లకి ఈ సంగతి నువ్వే చెప్పు, నాకు నోరు రాదు. అందరికీ పాప ముద్దులు.

టవిటా అక్కడికొచ్చి చాప కప్పుకుని మన వాకిట్లో కూర్చుంటే గబుక్కున ఎత్తకండి. ఎండ బాగా ఎక్కనివ్వండి.

నీ ఫెతువావో