తలుపు దగ్గర మీ నాన్న

ప్రియమైన రెనిటాకు,

ప్రభువు పేరట మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఆయన దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. జర్మనీ చలిలో నువ్వూ, కాబోయే అల్లుడు డెస్మండూ ఒంట్లో బాగున్నారని నమ్ముతున్నాను. డ్యూటీకి వెళ్లేటప్పుడు సైన్యం యూనిఫాం లోపల ఉన్ని బనీను వేసుకో. నవ్వకు. మిసిసిపీ పిల్లవి, ఆ మంచు నీ ఎముకలకు కొత్త.

పెళ్లి గౌను అందింది. పియానో గదిలో వేలాడదీశాను. నడుము దగ్గర వదులు చేయమన్నావు, చేస్తాను. కేకు సిస్టర్ ఓడెస్సా చేస్తానంది. ఆవిడ పంచదార వేసే చెయ్యి నీకు తెలుసు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

"నాన్న ఫోన్లో హలో అని వెంటనే నీకెందుకు ఇచ్చేస్తున్నారు? ఈ పెళ్లి ఇష్టం లేదా?" అని అడిగావు. ఇష్టం లేక కాదమ్మా. "నాన్న చెయ్యి పట్టుకునే చర్చిలో నడుస్తాను, ఇంకెవరి చెయ్యీ నాకొద్దు" అని కూడా రాశావు. ఈ రెండింటికీ జవాబు ఫోన్లో నా నోట రాదు. అందుకే ఈ ఉత్తరం. నెమ్మదిగా చదువు.

మొన్న మీ నాన్న తెల్ల గ్లవ్స్ మళ్లీ కుట్టాను. చర్చిలో జనాన్ని కూర్చోబెట్టేటప్పుడు అషర్లు వేసుకునే గ్లవ్స్ ఏ కొట్టులో కొన్నా ఆయన చిటికెన వేళ్లు పట్టవు. రెండూ పక్కకి వంగిపోయాయి కదా. ఏ వేలు ఆటలో ఎవణ్ణి పడగొట్టినప్పుడు విరిగిందో పేర్లతో సహా చెప్పేవారు. నేను ఆ వేలి దగ్గర కుట్టు విప్పి, చిన్న గుడ్డముక్క అతికి కుడతాను.

చిన్నప్పుడు ఫుట్‌బాల్ స్టేడియంలో నా ఒళ్లో కూర్చుని, "నాన్న అందరికన్నా వెనక ఒక్కరే ఎందుకున్నారు? ఆయనతో ఎవరూ ఆడరా?" అని ఏడ్చావు. ఇంటికొచ్చాక ఆయన నిన్ను భుజం మీద ఎక్కించుకున్నారు. "బంతి పట్టుకుని పరిగెత్తేవాడు మావాళ్లందర్నీ దాటి వచ్చేస్తాడనుకో, అప్పుడు వాణ్ణి పడగొట్టడానికి నేనుండాలి. నన్నూ దాటితే ఇక నా వెనక ఎవ్వరూ లేరు తల్లీ," అన్నారు.

పత్తి చేలల్లో పెరిగిన కుర్రాడు. మన నల్లవాళ్ల కాలేజీలో ఆడి, ఉత్తరాదిన ఆ మంచు నగరం జట్టులో చేరితే, ఒక్క ఏడాది కూడా నిలవడన్నారు. తొమ్మిదేళ్లు ఆ వెనక చోటు ఎవరికీ ఇవ్వలేదు. జనం అరుపుల్లో మాట వినిపించదు గనుక చేతి సైగలతోనే జట్టుని నడిపేవారు. మోకాళ్లు పోయాక ఇంటికొచ్చి హైస్కూలు పిల్లలకు ఆట నేర్పారు, ఆదివారాలు అషర్ అయ్యారు. ఆరాధనలో అషర్లకి కూడా మాటలుండవు, సైగలే. "నాకీ పని ముందే వచ్చు ఎర్లీన్," అని నాతో చెప్పి మురిసిపోయారు.

ఒకసారి తలకి దెబ్బ తగిలి పడిపోతే, ముక్కు దగ్గర ఘాటు మందేదో పెట్టి లేపారు. ఆయన లేచి నేరుగా అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకడు, "రా బాబూ రా, మాకూ నీలాంటివాడే కావాలి," అన్నాడట. క్రిస్మస్ భోజనాల దగ్గర ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్వాం! ఆ రోజే ఆయన్ని మళ్లీ ఆటలోకి పంపించారన్న మాట కూడా నవ్వుతూనే విన్నాం.

పోయిన నెల ప్రభుభోజనం ఆదివారం మీ నాన్న బెంచీల మధ్య నడిదారి మొదట్లో నిలబడ్డారు. అషర్లందరి కళ్లూ ఆయన చేతుల మీదే. రొట్టె తీసుకోవడానికి ముందు వరసలవాళ్లను లేపమని సైగ చేయాల్సిన చోట, ఆయన రెండు చేతులూ తలపైకి ఎత్తి, మోచెయ్యి చరిచి, ఎడమవైపు చూపించారు. ఎవరికీ అర్థం కాలేదు. ఒకమ్మాయి ఎడమకి పరిగెత్తింది, ఇంకొకరు ఆమెకి అడ్డం వచ్చారు, జనానికిచ్చే విసనకర్రల బుట్ట బోర్లాపడింది. మీ నాన్న ముఖంలో కంగారు. మళ్లీ అదే సైగ, ఇంకా గట్టిగా.

అప్పుడు చర్చి పెద్దలు, డీకన్ల వరసలోంచి లూషస్ లేచాడు. కాలేజీలో మీ నాన్నతో ఆడినవాడు కదా, ఎడమవైపు కాపు కాయమన్న ఆ పాత ఆట సైగ అతనికి తెలుసు. తుంటి నొప్పితో కుంటుకుంటూ ఎడమ దారిలోకి వెళ్లి, కాళ్లు ఎడంపెట్టి వంగి నిలబడ్డాడు. "చూశాన్రా క్లియో! ఇటు నేనున్నా!" అన్నాడు. మీ నాన్న చేతులు దించారు. పాస్టర్ గారు ఏమీ జరగనట్టు పాట ఎత్తుకున్నారు.

మంగళవారం సిస్టర్ ఓడెస్సా కేకు పట్టుకుని వచ్చింది. ఆవిడ కేకు తెచ్చిందంటే వెనకాల ఏదో చెడ్డమాట ఉందనే.

"అషర్ల పెద్దని గనుక నేనే చెప్పాలి ఎర్లీన్. బ్రదర్ క్లియోఫస్‌ని ఇక కూర్చోబెట్టాలి."

నేను నోరు తెరిచేలోపే మీ నాన్న వంటింటి గుమ్మంలోంచి, "నన్ను కూలదోయాలని చాలామంది చూశారు సిస్టర్. నీకన్నా లావుపాటివాళ్లు," అన్నారు.

"అంటే నేను లావా?"

"వాళ్లకన్నా తక్కువేనన్నాగా!"

ఓడెస్సా పగలబడి నవ్వింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది. నాకు గట్టిగా మాట్లాడటం రాదని నీకు తెలుసు. అయినా అడిగాను: "నడిదారి వద్దులే ఓడెస్సా. తలుపు దగ్గర పెట్టు. అక్కడ సైగలు చేయక్కర్లేదు. వచ్చినవాళ్లను తీసుకెళ్లి కూర్చోబెడతారు, అంతేగా."

"అందరికన్నా వెనకా?" అందావిడ.

"నా చోటు అదే," అన్నారు మీ నాన్న.

అప్పట్నుంచి తలుపు దగ్గరే. కానుకల పళ్లెం వచ్చేముందు మెల్లగా జారుకునేవాళ్లు ఒక్కరూ ఆయన్ని దాటలేకపోతున్నారని పాస్టర్ గారు చాలా సంతోషంగా ఉన్నారు.

ఇంతవరకు రాసి, లేచి వెళ్లి గిన్నెలు తోముకొచ్చాను. కానీ రాయక తప్పదు. అన్నేళ్లు తలకి తగిలిన దెబ్బల వల్లే కావచ్చు, ఈ మతిమరుపు తగ్గేది కాదు, ముదిరేదే అని జాక్సన్ ఊళ్లో డాక్టరు చెప్పాడు. పోయిన వారం మీ నాన్న పియానో మీద నీ యూనిఫాం ఫోటో తీసుకుని చాలాసేపు చూశారు. "ఈ పిల్ల ఎవరు ఎర్లీన్? ఎంత నిటారుగా నిలబడింది!" అన్నారు. మన రెనిటా అన్నాను. "అలాగా," అన్నారు మర్యాదగా. ఫోన్ నాకిచ్చేయడం అందుకే తల్లీ. ఆ గొంతు ఎవరిదో తెలియదు, తెలియదని చెప్పి ఎవర్నీ నొప్పించలేరు.

నీకేం జవాబు రాయాలో తెలియక మోకరించి ప్రార్థించాను. నిన్న ఆదివారం ఆయన్ని ముందే లూషస్‌తో పంపేసి, నేను కొత్త టోపీ పెట్టుకుని ఆలస్యంగా వెళ్లాను. గుమ్మంలో నిలబడి, ఆరాధన మధ్యలో వచ్చేవాళ్లు చోటు చూపించమని అడిగినట్టే ఒక వేలు పైకెత్తాను. మీ నాన్న ఆ వేలు చూశారు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి మోచెయ్యి నాకందించి, నా అడుగులో అడుగు వేస్తూ నడిపించారు. ఆయన మోకాళ్ల కుంటు కూడా కనిపించలేదు.

అందుచేత చెబుతున్నాను. పెళ్లిరోజు గుమ్మంలో "నాన్నా" అని పిలవకు, నేనెవరో చెప్పమని అడగకు. ఒక వేలు ఎత్తు. ఆయన నిన్ను ముందు వరస దాకా, డెస్మండ్ నిలబడ్డ చోటు దాకా, పదిలంగా తీసుకొస్తారు. అక్కడ ఆయన్ని అందుకుని కూర్చోబెట్టడానికి లూషస్ ఉంటాడు. ఎవరో తెలియకుండా పట్టుకున్న ఆ చెయ్యి నీకు చాలునా? నువ్వే ఆలోచించి రాయి. చాలదంటే నేనేమీ అనుకోను.

ఇంకొక్క మాట. నిన్న నన్ను నా వరస దగ్గరే ఆపి, వంగి, చెవిలో నెమ్మదిగా, "ఇక్కడ కూర్చోండమ్మా. మా ఆవిడ కూడా ఈ వరసలోనే కూర్చుంటుంది. ఇంకా రాలేదు. చాలా మంచిది, మీకు తోడుంటుంది," అన్నారు.

నేను కూర్చున్నాను. పక్కన కాస్త చోటు వదిలాను.

ఇట్లు,
రోజూ పొద్దున్నే నిన్ను ప్రభువు చేతికి అప్పగించే
మీ అమ్మ,
ఎర్లీన్