తప్పు చెప్పడానికి రండి

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్,
9 జూలై 2025.

హరికిషన్ అన్నయ్య గారికి,

మీ చెల్లెలు ప్రేమమణి ప్రభువు పేరిట వందనాలతో రాస్తున్నది. మీరూ వదినగారూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాసే ధైర్యం నాకు లేదు. ఫోన్ చేద్దామంటే మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేసి కూర్చున్నారు. పక్కింటి సుకన్య ఆఫీసు మీ బేగంపేటలోనే కాబట్టి ఈ ఉత్తరం ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. కోపంలో చించేయకండి, మీకు పుణ్యముంటుంది.

మీ స్నేహితుడు అబ్రహాంకి పక్షవాతం వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో యంత్రాల మోతని మించి అరిచిన మనిషికి ఇప్పుడు మాట లేదు. కుడి చెయ్యి పడిపోయింది. చూపుంది, వినికిడి ఉంది, అందరినీ గుర్తుపడుతున్నారు. మాట తిరిగొచ్చే అవకాశం ఉందన్నారు డాక్టరుగారు. కానీ ఈ మొదటి నెలల్లోనే రావాలట, మాట్లాడి తీరాలన్న పంతం ఆయనకే పుట్టాలట. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మా అమ్మాయి జెనిఫర్ పక్కన కూర్చుని డాడీ డాడీ అంటూ ఏడ్చింది. ఆయన గోడకేసి చూస్తూ పడుకున్నారు. నాకేం చెయ్యాలో తోచక వంటింట్లోకెళ్లి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

అలాంటిది, ఆమధ్య ఒక విచిత్రం జరిగింది. మా ముందుగది గోడ నిండా మీరిద్దరూ రాణిగంజ్ పాత ఇనుప కొట్లన్నీ గాలించి తెచ్చిన పానాలే కదా. మర తిప్పితే దవడ జరిగే ఆ ముసలి పానాలను తుడుస్తూ ఉంటే, సుకన్య ఒకదాన్ని చూపించి ఇదెక్కడిదని అడిగింది. నేను పరధ్యానంగా అమెరికాది అన్నాను. మంచం దగ్గర్నుంచి దభీమని చప్పుడు. ఎడమ చేత్తో మంచం పట్టీ మీద గుద్దారు. ముఖం జేవురించింది, గొంతులో గుర్రుమని ఏదో కదిలింది. కాదులెండి, ఇంగ్లండుదే, పొరపాటన్నాను అని దిద్దుకున్నాక గానీ శాంతించలేదు.

అన్నయ్యా, ఆ గుర్రు విని నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి అదే పని పెట్టుకున్నాను. స్వీడన్‌దాన్ని జర్మనీదన్నాను, మా తాతల కాలందాన్ని నిన్నగాక మొన్న చేసిందన్నాను. కొన్నాళ్లు గుర్రుమన్నారు. తర్వాత నా నాటకం కనిపెట్టి కళ్లు మూసేసుకున్నారు. ఇన్నేళ్లుగా వాటి దుమ్ము దులిపాను గానీ వాటి సంగతి నాకేం తెలుసు? తప్పయినా తెలిసినవాళ్లు చెబితేనే ఆయనకి మండుతుంది. మర ఎటు తిప్పితే దవడ మూసుకుంటుందో, పిడి మధ్యలో గాడి ఉందో లేదో, పేరు ఇనుము పోతపోసినప్పుడే వచ్చిందో తర్వాత ముద్ర కొట్టారో, అన్నీ చూసి, గడ్డం గోక్కుని, నమ్మకంగా తప్పు చెప్పగలిగింది మీరొక్కరే.

మీ గొడవ నేను మరిచిపోలేదు. ఆయన మురిసిపోతూ కొనుక్కొచ్చిన స్వీడన్ పానాని చేతిలోకి తీసుకుని మీరు, "దీని దవడ దీన్ది కాదు అబ్రహాం. వేరేదాన్ది తెచ్చి పెట్టిండ్రు. జెర కండ్లు తెర్సి కొనాలె" అన్నారు. ఆయన మిమ్మల్ని బయటికి నడవమన్నారు. నేను పెట్టిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇంటికొచ్చిన మనిషిని అలా అనడం ముమ్మాటికీ ఆయన తప్పే. మీ కడుపు ఎంత మండిందో నాకు తెలుసు. కానీ ఇప్పుడు పంతాలకు టైము లేదన్నయ్యా. మీరొచ్చి ఆ మాటే మళ్లీ ఆయన ముఖం మీద అనండి. మిమ్మల్ని తిట్టడానికైనా నోరు తెరుస్తారేమో. ఆ తిట్టు వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ఏ పూటైనా సరే రండి. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

ఇట్లు,
మీ చెల్లెలు
ప్రేమమణి

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. నేను పైన చెప్పినట్టు చేస్తే పని జరగదు. పడిపోయిన రోజు పొద్దున ఆయన ఆ స్వీడన్ పానాని డీజిల్లో నానబెట్టి ఊడదీశారు. తుప్పు వదిలాక దవడ అడుగున వేరే కంపెనీ ముద్ర బయటపడింది. దాన్నలాగే చూస్తూ చాలాసేపు కూర్చుని, "హరి చెప్పిందే కరెక్ట్. నువ్వెవరికీ చెప్పకు, నేనే పోయి చెప్తా" అన్నారు. మీ ఇంటికి రావడానికి చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయారు. ఎవరికీ చెప్పొద్దన్నారని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాను. అందుకని అన్నయ్యా, మీరు నిజం చెప్పకండి. ఆ పానా ఆయన ఎడమ చేతిలో పెట్టి, దవడ దీన్దే, నువ్వే కరెక్ట్ అబ్రహాం, నాదే తప్పు అనండి. పానా విషయంలో అబద్ధాన్ని ఆయన ఒక్క నిమిషం కూడా భరించలేరు. కాదని చెప్పడానికి నోరు తెరుస్తారు.