నవలలో బావని క్షమించిన అక్క

అక్కా,

మొన్ననే నీ సంవత్సరీకం అయ్యింది. హైదరాబాదు నుంచి కలకత్తా పక్కన ఈ లిలువాలో మనింటికొచ్చి, నీతో గంటలకొద్దీ మాట్లాడిన రచయిత్రి గుర్తుందా? ఆవిడ నవల వచ్చింది. మొదటి సగం ఆపకుండా చదివాను. రైల్వే వర్క్‌షాపు సైరను, క్వార్టర్ల వెనక కాలవ, నీ దగ్గు అన్నీ చక్కగా రాసింది. చివర్లో మాత్రం నీలాంటి ఆ అక్క, రోజూ తాగొచ్చి కొట్టిన మొగుడి చెయ్యి పట్టుకుని, క్షమించానని చెప్పి కన్నుమూస్తుంది. ఈమధ్య నేను చదివిన నవలలన్నిటికీ ఇదే రోగం. పేదింటి ఆడది పోయేముందు అందర్నీ క్షమించి తీరాలి.

ఆసుపత్రికి బావ వచ్చినప్పుడు నువ్వు గోడవైపు తిరిగి, "ఈణ్ణెవులు రానిచ్చారే? పొమ్మను" అన్నావు. అదే నీ ఆఖరి మాట.

నిన్న ఇక్కడే జరిగిన ఆవిష్కరణ సభలో లేచి ఆవిణ్ణి అడిగాను. "మా అక్క క్షమించలేదండీ. ఎందుకలా రాశారు?"

"పాఠకులకి కాస్త ఊరట కావాలి కదమ్మా" అందావిడ. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒళ్ళు మండి బయటికొచ్చేశాను. గుమ్మం దగ్గర బావ ఆ పుస్తకాలే కొని చుట్టాలకి పంచుతున్నాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, "సదివేవా? మీ అక్క నన్ను క్షమించీసింది" అన్నాడు.