ఫిలెరోస్ విప్పకుండా చదివిన ఉత్తరం

ప్రియమైన వెట్టియస్‌కు,

నా పుట్టినరోజుకు నీ లేఖకుడు ఫిలెరోస్‌ని కానుకగా పంపి మూడు నెలలైంది. అప్పటి నుంచి నీ ఉత్తరాలు రెండు ముక్కలు దాటడం లేదు. ఎండలు మండుతున్నాయట, నువ్వు కుశలమేనట. ఇరవై ఏళ్ల స్నేహితుడికి రాసే తీరు ఇదేనా? బానిసను ఇచ్చేశానని మనసు పీకుతుంటే ఆ మాటేదో మొహాన చెప్పు.

రోమ్ నుంచి, నీ నోనియస్


ప్రియమైన నోనియస్‌కు,

ఇచ్చినదాన్ని తలచుకుని ఏడ్చేవాణ్ని కాను. కపువాలో నిజంగానే ఎండలు. ద్రాక్ష బాగా కాసింది. ఇంకేం రాయాలో తోచడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.
వెట్టియస్


వెట్టియస్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మా అమ్మాయి నోనియా పోయి నిన్నటికి ఆరేళ్లు. అప్పుడు నువ్వు రాసిన ఓదార్పు ఉత్తరమే లేకపోతే నేను బతికేవాణ్ని కాను. ఏటా ఆ రోజు విందులో దాన్ని చదివిస్తానని నీకు తెలుసు. ఈసారి ఫిలెరోస్ చేతికిచ్చాను. వాడు ఉత్తరం విప్పకుండానే మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాడు. అతిథులు ముక్కున వేలేసుకున్నారు. నా కూతురి గురించి నువ్వు నాకు రాసిన మాటలు వాడు దొంగచాటుగా బట్టీపట్టాడన్నమాట. సంజాయిషీ అడిగితే తల దించుకున్నాడు. గొలుసులు వేయించి తోటలో గొడ్డు చాకిరీకి పంపాను. బానిసలకు ఇంత అలుసిస్తావా?

నోనియస్


ప్రియమైన నోనియస్‌కు,

నన్ను తిట్టు, పడతాను. ముందు వాడి గొలుసులు విప్పించు. నోనియా కబురు తెలిసిన రోజు నాకు ఒక్క ముక్క తోచలేదు. "ఏదో ఒకటి రాయరా" అని ఫిలెరోస్‌కి చెప్పి స్నానానికి పోయాను. తిరిగొచ్చి ముద్ర వేశాను. నా ఉత్తరాలన్నీ అంతే. ఆ ఏడాదే వాడి కూతుర్ని నేను అమ్మేశాను. ముద్ర వేసేటప్పుడు ఆ సంగతి నాకు గుర్తు కూడా లేదు.

వెట్టియస్


వెట్టియస్‌కు,

న్యాయాధికారి ముందు నిలబెట్టి ఫిలెరోస్‌కి స్వేచ్ఛ ఇచ్చాను. నా దగ్గరే ఉండమని బతిమాలాను. "మీ అమ్మాయి ఎక్కడుందో మీకు తెలుసు దొరా. నా పిల్లను నేను వెతుక్కోవాలి" అన్నాడు.

అతను కపువాకే వస్తున్నాడు. ఎవరికి అమ్మావో అతని మొహం చూసి చెప్పు. రెండు ముక్కలు చాలు.

నోనియస్