క్యాలెండర్‌లో మిగిలిన చెయ్యి

మాధవరం,
జనవరి 4.

అత్తకు నమస్కారాలు.

"మా అక్కకు నువ్వే రాయి, నీ తెలుగు బాగుంటుంది. ఆమె నొచ్చుకోకుండా రాయి" అని నాన్న అన్నారు. చెల్లి సితారను ప్లేస్కూల్లో చేర్చాం కాబట్టి, సెలవులకు ఊరెళ్ళిన మీరు ఇక తిరిగి రానక్కరలేదు. మీ పెట్టెను ఈరోజు నెల్లూరు బస్సులో వేస్తున్నాం.

పెట్టెలో కొత్త క్యాలెండర్ కూడా ఉంది. ఎప్పటిలాగే గడిచిన ఏడాది ఫోటోలతో అచ్చు వేయించాం. "మన నలుగురమే కనపడాల" అని అమ్మ చెప్పడంతో ఫోటోలను నేనే కత్తిరించాను. అమ్మానాన్నలు ఆఫీసుల్లో ఉన్నప్పుడూ, అందరం ఊటీ వెళ్ళినప్పుడూ సితారను ఎత్తుకున్నది మీరే కదా! ఎంత జాగ్రత్తగా కత్తిరించినా ప్రతి నెలలోనూ మీ చెయ్యి మిగిలిపోయింది.

పొద్దున సితార ఆ చేతికి ముద్దు పెట్టి, "అత్త!" అంది.

"అత్త కాదు కన్నా, ఆయా. ఏదీ, చెప్పు?" అంది అమ్మ.

"అత్త ఏడ మా?"

"ఆయా అని చెప్తేనే చాక్లెట్."

నేను ఈ ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. మూడోసారికి సితార చక్కగా పలికింది.

మీరు ఫోన్ చేసినప్పుడు అది ఆ మాటే అంటుంది. నొచ్చుకోకండి.

మీ మేనకోడలు