ముప్పై నాలుగొచ్చిన పిల్ల

బోధన్

ఆత్మారాం సారుకు, మీకాడ మంచు హాకీ నేర్చుకునే హర్షిణి తల్లి లింగవ్వ శనార్తి.

ఫోన్ల మాట్లాడుదమంటే ఏడుపు ముందొస్తది, అందుకే రాస్తున్న. డెహ్రాడూన్ క్యాంపుల మీరిచ్చిన కాగితం పిల్ల పంపింది. దాంట్ల నూటికి ముప్పై నాలుగని ఉంది. నేను ఐదు దాక చదివిన. ముప్పై ఐదుకు తక్కువైతే ఫేలని నాకెరుకే. ఫేలైన పిల్లను ఇంటికి పంపాలె గదా సారూ!

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ ముంగటి రోడ్డు మీద చక్రాల బూట్లు కట్టి దానికి ఆట నేర్పింది దాని అన్న శ్రావణ్. పోయినేడు అదే రోడ్డు మీద, వేరే ఊరి ఫ్యాక్టరీకి పోయే చెరుకు లారీ వాన్ని తీస్కపోయింది. అప్పటిసంది ఒక్కకాడ కూసోలేను. బీడీ సగం చుట్టి లేసి, గడపల నిలవడ్త. ఉన్న ఒక్కతి మంచు మీద పడితే నేనేం గావాలె?

ఇట్లు, కాలు నిలువని లింగవ్వ.

మల్ల: ఒక్క మార్కే గదాని దయతలిచి కలిపేరు. కలపకుండ్రి.

* * *

డెహ్రాడూన్

లింగవ్వ అక్కకు ఆత్మారాం నమస్కారాలు.

అక్కా, అవి మార్కులు కావు. ఈ ఆటలో బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. హర్షిణి ఆడుతున్నంతసేపు రెండు జట్లూ కలిసి గోలు వైపు వంద దెబ్బలు కొడితే, అందులో మనవి ముప్పై నాలుగు. దాన్నిబట్టి బిళ్ళ ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందో అంచనా కడతాం. అంతే. వచ్చే నెల పోటీలున్నాయి, పిల్లను పంపలేను.

మీ తమ్ముడి వంటి ఆత్మారాం.

తా.క. మా జట్టులోనే దీక్షిత అనే అమ్మాయికి అరవై రెండు వచ్చింది. అది విని మీరు కంగారుపడకండి.

* * *

బోధన్

సారుకు లింగవ్వ శనార్తి.

కంగారు పడక ఏంజెయ్యాలె? నా బిడ్డ దిగితే బిళ్ళ అవతలోళ్ల పాలైతుందన్నట్టే గదా! నాకు సమజైంది. ఈ దరిద్రం నా నుంచే అంటింది. శ్రావణ్ పోయినకాంచి, పనిమీద పోయేటోళ్లకు నేను ఎదురొస్తే ఇంట్లకు మర్లి, నీళ్లు తాగి పోతున్నరు. మా వాడకట్టు ముత్తవ్వ ఇంటికి పోయిన, ఆమెకు జరం. విమలమ్మ ఇంటికి పోయిన, వాళ్లత్త మంచం పట్టింది. లింగవ్వ అడుగుపెట్టిన కాడ ఏడుపే అంటున్నరు. మీ దీక్షితను ఉంచుకోండ్రి, నా పిల్లను పంపుండ్రి.

ఇట్లు, ఎవలకూ ఎదురురాని లింగవ్వ.

మల్ల: పిల్లను తోలుకరానీకి మా తమ్ముడు రాజనర్సును రైలెక్కిచ్చిన. ఆయనకు హిందీ రాదు, చలి ఆగడు. గొంగడొకటి ఇయ్యిండ్రి.

* * *

డెహ్రాడూన్

అక్కకు నమస్కారాలు.

రాజనర్సు గారు చేరారు. "హర్షిణీ, నడువే!" అని కేకేస్తూ చెప్పులతోనే మంచు మీదికొచ్చి, జారి, మూటతో సహా గోలులో పడ్డారు. ఆ రోజు మాకు అదొక్కటే గోలు.

హర్షిణి ఆయన్ని లేపి ఒకటే అడిగింది: "మామా, సారు నన్ను ఎప్పుడు దింపుతడో అవ్వకు చెప్పినవా?"

అది చెప్పకపోవడం నా తప్పు. బిళ్ళ అవతలి గోలు దగ్గరున్నప్పుడు దీక్షితను దింపుతాను. మేం ఒక్క గోలు ఆధిక్యంలో ఉండి, అవతలివాళ్లు మీదపడి కొడుతున్నప్పుడు హర్షిణిని దింపుతాను. దెబ్బలు వాళ్లవే ఎక్కువుంటాయి మరి! కానీ గోలు కానివ్వదు. పిల్ల వల్ల ఆపద రాలేదక్కా, ఆపద వచ్చిందనే పిల్లను దింపాను.

మిమ్మల్నీ ఒకటి అడుగుతాను. మీరు పోయాక ముత్తవ్వకు జ్వరం వచ్చిందా, జ్వరం వచ్చాక మిమ్మల్ని పిలిచారా?

మీ ఆత్మారాం.

తా.క. గొంగడి ఇచ్చాను. ఇప్పుడాయన దాన్ని జెండాలా ఊపుతున్నారు. వాపసు వచ్చేలా లేరు.

* * *

బోధన్

తమ్ముడు ఆత్మారాంకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి గడపల కూసున్న. జరం కాలుతుంటెనే ముత్తవ్వ కబురు పెట్టింది. విమలమ్మ అత్తను ఎత్తి కూసుండబెట్టనీకి ఎవలు లేకనే నన్ను పిలిచిండ్రు. ఆనాడు గూడ రోడ్డు మీదికెల్లి ఎవలో ఉరికొచ్చి చెప్తెనే పోయిన. నేను పోయేసరికే నా కొడుకు పడి ఉన్నడు తమ్మీ. నేను పోయినందుకు పడలే. ఈ ముచ్చట యాడాది సంది నాకు ఎవలు చెప్పలే.

పిల్లను ఉంచుకో. పొద్దున విమలమ్మ "నా మనవరాలికి బడిల తొంభై, నీ బిడ్డకు ముప్పై నాలుగేనట గదా?" అని నవ్వింది. "నీ మనవరాలిని ఆపదల ఎవలన్న పిలిచిండ్రా?" అన్న. పోటీలల్ల ఇంకింత కష్టమున్నకాడ దింపు, దాని నంబరు ఇరవైకి రావాలె.

శ్రావణ్ మోకాళ్ల పట్టీలు పార్సిల్ చేసిన. దానికి కట్టు.

ఇట్లు, పిలిస్తె పోయే లింగవ్వ.

మల్ల: మా రాజనర్సు నంబరెంతో గూడ రాయి. ఆయన ఉన్నకాడ పనంత ఎప్పుడూ అవతలోళ్ల చేతులనే ఉంటది. ఆయనది మాత్రం నిజంగ ఫేలే.