స్విచ్ వెనక తీగ

అమ్మడికి నాన్న దీవెనలు.

ముందుగా నా రాత చూసి విసుక్కోకు. అక్షరాలు వంకర పోతాయి, తప్పులూ చాలా ఉంటాయి. మా పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివిన చదువే నాది. స్పానరుకు అలవాటు పడ్డ వేళ్ళల్లో పెన్ను నిలవదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ గొంతు వినగానే హలో, తిన్నావా, ఉంటాను, ఈ మూడు తప్ప నాలుగో మాట నాకు రాదు. అందుకే కాగితం.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, బండీ.

నువ్వు అడిగినవాటికి చెబుతాను. మోకాలు నొప్పిగానే ఉంది, కానీ షెడ్డు దాకా నడిపిస్తోంది. పొద్దుటి మాత్ర వేసుకుంటున్నాను, సాయంత్రంది గుర్తుంటే వేసుకుంటున్నాను. గేర్‌బాక్సు కింద కారే నూనె ఆగింది, సీలు మార్చాను. నీ గది కిటికీ రోజూ తీసి, మళ్ళీ వేస్తున్నాను. వండుకుంటున్నావా అని అడిగావు. వండుతున్నానమ్మా. ఎంత తగ్గించి వేసినా ఇద్దరికి సరిపడా అవుతుంది.

మన రేసు కారు, అదే బండి, అమ్మేశావా అన్నావు. లేదు. ఆదివారం ఆదివారం కాసేపు ఇంజను వేస్తున్నాను. మొన్న యాంటీ-లాగ్ స్విచ్ కూడా వేశాను. గోడ అవతలి దర్జీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి పెద్దాయనా, యుద్ధం గానీ వచ్చిందా? సూది వేల్లో దిగింది!"

క్షమించమన్నాను. వెళ్ళిపోతుందనుకుంటే అక్కడే నిలబడి ఆ ఢాం ఢాం ఎందుకని అడిగింది. చెప్పాను. "టర్బో అంటే ఇంజను పొగతో తిరిగే చక్రమమ్మా. అది జోరుగా తిరిగితేనే ఇంజనుకు గాలి దండిగా అందుతుంది. నిలబడ్డ బండిలో పొగ చాలదు, చక్రం బద్ధకిస్తుంది. అందుకని ఈ స్విచ్ వేసి కొంచెం పెట్రోలును ఇంజను దాటాక గొట్టంలో మండిస్తాం. ఆ ఊపుకి చక్రం ముందే లేచి కూర్చుంటుంది."

"మరి అంత గోల పెట్టీ బండి కదలదేం?"

"అది లాంచ్ కంట్రోల్. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా, క్లచ్ వదిలేదాకా ఇంజను వేగాన్ని ఒకేచోట పట్టి ఉంచుతుంది."

"అంటే పరుగు మొదలవకముందే ఆయాసం తెచ్చుకోవాలన్నమాట! నాకు మెట్లు చూస్తేనే వస్తుంది, ఏ స్విచ్చూ అక్కర్లేదు" అని నవ్వుకుంటూ పోయింది. ఈ నెలలో నేను అన్ని మాటలు మాట్లాడింది ఆ ఒక్కరోజే.

ఇక నీ ఉత్తరంలో చివరి సంగతి. కొత్త జట్టువాళ్ళు ట్రయల్‌కి రమ్మన్నారని, నెలాఖరులోగా చెప్పాలని, రానని రాసేస్తానని రాశావు. "ఫైనల్లో క్లచ్ వదలడం చేతకానిదాన్ని, మళ్ళీ నలుగురిలో నవ్వులపాలెందుకు నాన్నా? నా ఎడమకాలిని నేనే నమ్మలేకపోతున్నాను" అన్నావు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచేశాను. నాలుగు రోజులు విప్పలేదు.

అమ్మడూ, నీ కాలు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చేసింది నేను.

ఆరోజు ఫైనల్‌కి ముందు నువ్వు కొత్త హెల్మెట్ తెచ్చుకోవడానికి వెళ్ళావు. నేను డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి యాంటీ-లాగ్ స్విచ్ వెనక తీగ ఊడదీశాను. స్విచ్ మీది ఎర్రదీపం తీగ వేరు, దాన్ని వదిలేశాను. నువ్వొచ్చి స్విచ్ వేశావు, ఎర్రదీపం వెలిగింది. పందెం మొదలయ్యే గీత దగ్గర మన పద్ధతి నీకు తెలుసు కదా. "నువ్వు స్తంభం మీద దీపాలు చూడు, టర్బో గేజీ సంగతి నేను చూసుకుంటా" అని నీకు నేర్పింది నేనే. నువ్వు అడుగంటా తొక్కాలి, నేను కిటికీలోంచి గేజీ ముల్లు లేచిందో లేదో చూసి బొటనవేలు ఎత్తాలి.

"నాన్నా, శబ్దం తేడాగా లేదూ?" అని అరిచావు.

"కొత్త హెల్మెట్టు కదమ్మా, చెవులు మూసేస్తుంది" అన్నాను. నా బతుకులో అంత గబుక్కున నోటికి అందిన మాట మరొకటి లేదు.

ముల్లు లేవలేదు. నేను బొటనవేలు ఎత్తాను.

పచ్చదీపం పడింది. నువ్వు క్లచ్ చక్కగా వదిలావు. టర్బో చక్రం ఇంకా నిద్రలోనే ఉంది. బండి ముక్కు దించి మూలిగింది, పక్క బండి వెళ్ళిపోయింది. తర్వాత పందెం వాళ్ళిచ్చిన టైము స్లిప్పు చూసి "దీపం పడగానే కదిలాను, మొదటి అరవై అడుగుల్లోనే పోగొట్టాను, క్లచ్ దగ్గర తప్పు నాదే నాన్నా" అన్నావు. నేను పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు.

తీగ ఎందుకు తీశానో చెప్పాలని, గొట్టంలో పగులు కనిపించిందని ముందు ఒక కాగితం రాశాను. పగులు లేదు, చింపేశాను. ఆ మంట చూసి నీకేమవుతుందోనని భయపడ్డానని ఇంకోటి రాశాను. అది సగమే నిజం, అదీ చింపాను. అసలు సంగతి ఇది. ఆ పొద్దున పెద్ద జట్టు మేనేజరు, మనం టోపీ ఆయన అనేవాళ్ళం చూడు, నా దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, ఈ ఫైనల్ కొడితే మీ అమ్మాయి మా జట్టులోకే. ఏడాదికి పది నెలలు మాతో తిరగాలి. పెట్టె సర్దిపెట్టండి" అని భుజం తట్టాడు. మీ అమ్మ పోయాక మనింట్లో రెండు గ్లాసులు కడిగేవాళ్ళం. ఇక ఒక్కటే కడగాలి కదా అనిపించింది. అంతే. చెయ్యి డాష్‌బోర్డు కిందికి పోయింది.

ఓడిపోతే ఇంట్లోనే ఉంటావనుకున్నాను. వారం తిరక్కుండా నువ్వు సిగ్గుతో ఊరొదిలి సరుకుల వ్యాను నడపడానికి వెళ్ళిపోయావు. ఒక్క గ్లాసే కడుగుతున్నాను.

మొన్న కొత్త తీగ వేసి నీ సీట్లో కూర్చున్నాను. సీటు వెనక్కి జరపలేదు, నీ కొలతకే ఉంది. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. తొక్కితే ముల్లు ఎంత లేవాలో అంతా లేచింది. పాత తీగ ఈ కవర్లోనే పెట్టాను. చివర చూడు, తెగినట్టు ఉండదు, లాగినట్టు ఉంటుంది.

ట్రయల్‌కి వెళ్ళు అమ్మా. నీ ఎడమకాలు ఎప్పుడూ మంచిదే. అక్కడ మెకానిక్కు ఎంత మంచివాడైనా ఎర్రదీపాన్ని నమ్మకు, ఎవరి బొటనవేలునీ నమ్మకు. ముల్లు నువ్వే చూసుకో.

నాతో మాట్లాడాలో వద్దో నీ ఇష్టం. తిట్టాలనిపిస్తే కాగితం నిండా తిట్టు. ఏదైనా సరే, తొందరగా రాయి. టపా మనిషి పదకొండింటికి వస్తాడు. పది నుంచే షెడ్డు బయట ఏదో ఒక పని పెట్టుకుంటున్నాను.

ఇట్లు,
నాన్న